శ్రీకాకుళం కంచం, క్రీటు కంచం: దేనిని దేనితో పోల్చాలి?

మీ ప్రశ్నను శ్రద్ధగా చదివాను. సోంపేట దగ్గరి పల్లెలో ఉంటున్న మీ నాన్నగారికి పరగడుపు షుగర్ నూరు దాటి హద్దు మీద ఉందని వైద్యులు చెప్పారని, మీరు విశాఖపట్నం నుంచి ఆలివ్ నూనె, ఓట్స్, క్వినోవా కొని పంపితే ఆయన కొన్నాళ్ళు తిని పక్కన పెట్టేశారని రాశారు. మధ్యధరా ప్రాంతం వారు, జపాను వారు తిని బాగుంటున్న తిండి ఒకవైపు, మన అన్నం, పులుసు, ఆవకాయ మరొకవైపు పెట్టి చూస్తే మనదే లోపమనిపిస్తోందని, ఆ తిండిని మన ఇంట్లోకి తెచ్చుకోవడం ఎలాగో చెప్పమని అడిగారు. విజయనగరంలో చాలాకాలం రోగులకు ఆహార సలహాలు ఇచ్చే పనిలో ఉన్నవాడిగా, ఈ జిల్లాల వంటిళ్ళు తెలిసినవాడిగా నాకు తోచినంత చెబుతాను.

ఇతరుల తిండితో మన తిండిని పోల్చుకోవడం మంచి అలవాటే. అయితే మీరు పక్కపక్కన పెట్టిన రెండు కంచాలూ ఒక కాలానికి చెందినవి కావు. ఒకటి 1950ల నాటి గ్రీకు రైతుది, ముఖ్యంగా గ్రీసుకు చెందిన క్రీటు ద్వీపపు రైతుది. రెండవది ఇప్పటి శ్రీకాకుళం ఇంటిది. వారి మంచి రోజులను, అదీ పాత రోజులను, మన ఇప్పటి సాధారణ రోజుతో పోల్చినప్పుడు మనది తేలిపోవడంలో వింత లేదు. అదే 1950ల నాటి మన పల్లె కంచాన్ని ఆ రైతు కంచం పక్కన పెట్టి చూస్తే ఫలితం వేరుగా ఉంటుంది.

మధ్యధరా ఆహారానికి ఇంత పేరు రావడానికి మూలం అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ నాయకత్వంలో 1958లో మొదలైన ఏడు దేశాల అధ్యయనం. అమెరికా, ఫిన్లాండ్, నెదర్లాండ్స్, ఇటలీ, యుగోస్లావియా, గ్రీసు, జపాను దేశాలలోని నడివయసు పురుషుల తిండిని, గుండెజబ్బులను ఏళ్ళ తరబడి పరిశీలించారు. దేశాల ఎంపిక మీద తరువాత విమర్శలు వచ్చాయి, అవి పూర్తిగా తోసిపుచ్చదగినవీ కావు. అయినా అందులో తేలిన ఒక విషయం మీ ప్రశ్నకు నేరుగా పనికొస్తుంది. క్రీటు ద్వీపవాసుల శక్తిలో సుమారు 40 శాతం కొవ్వు నుంచే వచ్చేది, అది దాదాపు అంతా ఆలివ్ నూనె. జపాను పల్లెవాసులకు కొవ్వు నుంచి వచ్చేది పదింట ఒక వంతుకు మించలేదు, మిగిలినదంతా ప్రధానంగా అన్నమే. ఈ రెండు తిండ్లూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. అయినా రెండు చోట్లా గుండెజబ్బులు తక్కువే. తూర్పు ఫిన్లాండ్ వారు క్రీటు వారంత కొవ్వే తిన్నారు, కానీ అది వెన్న, మీగడ, కొవ్వు మాంసాల నుంచి వచ్చింది, వారిలో గుండెజబ్బు మరణాలు అన్నిచోట్లకంటె ఎక్కువగా నమోదయ్యాయి. కనుక అన్నం తినడమే తప్పు, లేదా నూనె తినడమే తప్పు అని తీర్పు చెప్పడానికి ఆ అధ్యయనంలో ఆధారం దొరకదు. ఏ కొవ్వు, ఎంత అన్నం, దానితోపాటు ఇంకేమి, రోజంతా ఎంత ఒళ్ళు వంచిన పని అన్నవన్నీ కలిపి చూడవలసిందే.

క్రీటు గురించి అంతగా ప్రచారంలోకి రాని సంగతి మరొకటి ఉంది. యుద్ధం ముగిశాక 1948లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తరఫున ఆ ద్వీపంలో జరిగిన సర్వేలో, మీ భోజనం మెరుగుపడాలంటే ఏమి కావాలని అడిగితే ఎక్కువమంది చెప్పినది మాంసం. ఇవాళ మనం ఆదర్శంగా చూస్తున్న ఆ తిండి వారు కోరి ఎంచుకున్నది కాదు, లేమి వారి చేత తినిపించినది. చేతిలో డబ్బు ఆడగానే వారి పిల్లలు, మనుమలు దానిని వదిలేశారు. ఇప్పటి గ్రీసులో పిల్లల స్థూలకాయం ఐరోపాలోనే ఎక్కువగా ఉన్న దేశాల స్థాయిలో ఉంది. 2010లో యునెస్కో మధ్యధరా ఆహారాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది, కానీ జాబితాలో ఉన్నది నిత్యం అక్కడి పళ్ళాలలోనూ ఉందని అనుకోవడం పొరపాటు.

మన దగ్గరా జరిగింది ఇదే. మీ తాతగారి కాలంలో మెట్ట ఊళ్ళలో పొద్దున్నే చోడి (రాగి) అంబలి, పొలానికి గంటి (సజ్జ) సంకటి, రాత్రికి ఉంటే అన్నం, దానిలోకి ఉలవచారో గోంగూర పులుసో ఉండేవి. వరి అన్నం పండగనాటి తిండి, పెళ్ళినాటి తిండి, కలిగినవారి తిండి. అంబలి తాగే ఇంటికి పిల్లనివ్వడానికి వెనకాడిన కుటుంబాలను నా చిన్నతనంలో చూశాను. వంశధార, నాగావళి కాలువల నీరు చేలకు అందడం, 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇవ్వడం, ఈ రెండింటితో పేద ఇంటికీ మూడు పూటలా తెల్లన్నం దక్కింది. ఆకలి తీరిన ఆ మార్పును తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండిన మనకు లేదు. కానీ అదే కాలంలో ట్రాక్టరు, మోటారు బండి, టీవీ కూడా వచ్చాయి. పొలంలో పొద్దుపోయేదాకా వంగి పనిచేసిన మనిషి తిన్నంత అన్నాన్నే కుర్చీలో కూర్చున్న మనిషీ తినడం మొదలయింది. మీ నాన్నగారి రక్తంలో పెరిగిన చక్కెరకు కారణాన్ని ఈ లెక్క తప్పడంలో వెతకాలి. అన్నాన్నే దోషిగా నిలబెట్టడం సరికాదు.

జపాను వారి అన్నపు గిన్నెలో సాధారణంగా పట్టేది సుమారు 150 గ్రాముల వండిన అన్నం. మన ఇంట్లో మొదటి వాయికే అంతకు రెట్టింపు వడ్డించి, పప్పులోకి, పులుసులోకి, మజ్జిగలోకి మళ్ళీ మళ్ళీ వేస్తాం. వారు అదే అన్నం తింటూ సన్నగా ఎలా ఉన్నారన్న ప్రశ్నకు సగం జవాబు ఆ గిన్నె సైజులోనే ఉంది. మిగతా సగం దాని చుట్టూ చేరే చేప, సోయా, కూరగాయలు, సముద్రపు నాచు. దీర్ఘాయువుకు పేరుపడ్డ ఒకినావా దీవుల వారైతే 1950కి ముందు అన్నం కూడా అరుదుగానే తిన్నారు. వారి శక్తిలో మూడింట రెండు వంతులు చిలగడదుంప నుంచే వచ్చేది. శివరాత్రికి మనం ఉడకబెట్టుకునే ఆ దుంపే! దుంప తింటే షుగర్ వస్తుందని ఇక్కడ పళ్ళెం పక్కకు నెట్టేవారికి ఈ సంగతి చెబితే నమ్మరు.

జపాను తిండిని పొగిడేవారు దాని మచ్చను చెప్పరు. ఈశాన్య జపానులోని అకితా ప్రాంతంలో 1950లలో మనిషి రోజుకు పాతిక గ్రాముల ఉప్పు తినేవాడు. ఊరబెట్టిన కూరలు, మిసో, ఉప్పు చేపలు దానికి కారణం. పక్షవాతంతో చనిపోయేవారి సంఖ్య అక్కడ విపరీతంగా ఉండేది. ప్రభుత్వం, వైద్యులు, గ్రామ ఆరోగ్య కార్యకర్తలు పట్టుదలగా ఉప్పు తగ్గించారు, శీతల పెట్టెలు వచ్చి ఊరబెట్టవలసిన అవసరమూ తగ్గింది, 1960ల తరువాత ఆ మరణాలు దశాబ్దాల పాటు తగ్గుతూ వచ్చాయి. ఉప్పుతో ఊరబెట్టిన తిండి ఎక్కువగా తినే జపాను, కొరియాలలో జీర్ణకోశ క్యాన్సరు ఎక్కువగా ఉండడానికి ఆ ఉప్పు కూడా ఒక కారణమని వైద్యులు భావిస్తారు. మన ఆవకాయ, ఎండుచేప, అప్పడం, మజ్జిగలో వేసుకునే చారెడు ఉప్పు గుర్తొచ్చి ఉంటాయి మీకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు అయిదు గ్రాములు చాలంటుంది. ఆవకాయ ముద్దలు నాలుగు కలుపుకుంటే అందులో పెద్ద భాగం అక్కడే అయిపోతుంది. పరాయి తిండిలో మనకు కావలసిన పాఠం దాని గొప్పలోనే కాదు, అది దిద్దుకున్న తప్పులో కూడా ఉంటుంది.

తిండిని వస్తువుల జాబితాగా చూసి ఒక వస్తువును ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించడంలో ఎంత ప్రమాదముందో చరిత్ర చెప్పింది. మెక్సికోలో వేల ఏళ్ళుగా మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి రొట్టె చేస్తారు. ఆ సున్నం వల్ల గింజలో బిగుసుకుపోయి ఉన్న నియాసిన్ విటమిన్ ఒంటికి అందుతుంది. ఐరోపా వారు మొక్కజొన్నను తెచ్చుకున్నారు కానీ సున్నపు పద్ధతిని తెచ్చుకోలేదు. ఉత్తర ఇటలీలో అదే ప్రధాన తిండిగా బతికిన పేదలకు పెల్లాగ్రా సోకింది, చర్మం పగిలి, మతి చలించి, వేలమంది పోయారు. మన దక్కను పీఠభూమిలో జొన్నే ఆధారమైన పేదలలో కూడా ఈ జబ్బు ఉందని డాక్టర్ సి. గోపాలన్ బృందం 1960లో హైదరాబాదు నుంచి ప్రపంచానికి చూపింది.

మన జిల్లాలకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. గంజాం నుంచి మచిలీపట్నం దాకా ఉన్న ఉత్తర సర్కారులు ఒకప్పుడు బెరిబెరి జబ్బుకు, అంటే బి1 విటమిన్ లోపం వల్ల నరాలు, గుండె దెబ్బతినే జబ్బుకు, పేరుపడ్డ ప్రాంతం. 1835 నాటికే మద్రాసులోని ఒక సైనిక వైద్యుడు దీని గురించి వివరంగా రాశాడు. తరువాత కూనూరు పోషకాహార ప్రయోగశాలలో, అంటే ఇప్పటి హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు మాతృసంస్థలో, మెక్‌కారిసన్, ఎయిక్రాయిడ్ వంటివారు బియ్యానికీ ఈ జబ్బుకూ ఉన్న ముడిని పరిశీలించారు. దక్షిణాది జిల్లాల వారు ధాన్యాన్ని ఉడికించి ఆరబెట్టి దంచిన ఉప్పుడు బియ్యం తినేవారు. ఉడికేటప్పుడు తవుడులోని బి1 విటమిన్ గింజ లోపలికి ఇంకి, దంపినా పూర్తిగా పోదు. సర్కారు జిల్లాలలో పచ్చి ధాన్యాన్నే మరపట్టించి, తెల్లగా పాలిష్ చేసి తినేవారు, అందుకే జబ్బు ఇక్కడ ఎక్కువ. జపాను నౌకాదళంలో కూడా తెల్లన్నమే కారణమై ఇదే జబ్బు పీడిస్తుంటే, తకాకి అనే వైద్యుడు 1884లో నావికుల తిండిని మార్చి, తరువాత బార్లీ కలిపించి, దానిని అదుపులోకి తెచ్చాడు. బియ్యం ఒకటే, తినే మనుషులూ అన్నం మీద ప్రాణం పెట్టుకున్నవారే, తేడా అంతా గింజ మీద ఎంత పొర మిగిలిందన్న దగ్గర ఉంది.

ఇక్కడే మన పాతవారి తరవాణి గుర్తు చేసుకోవాలి. అన్నం వార్చగా వచ్చిన గంజిని పారబోస్తే అందులో కరిగిన బి విటమిన్లు కూడా పోతాయి. వారు పారబోయలేదు. కుండలో పోసి పులియబెట్టి, చద్దన్నంతో కలిపి, ఉల్లిపాయ నంజుకుని తాగారు. ఒడిశా వారి పఖాళ కూడా దీనికి దగ్గరి బంధువే. రాత్రంతా చల్లారిన అన్నంలోని పిండిలో కొంత భాగం త్వరగా జీర్ణం కాని రూపంలోకి మారుతుందని ఇప్పటి పరిశోధన చెబుతోంది, కానీ ఆ ప్రయోజనం కొద్దిపాటిదే. చద్దన్నం షుగర్‌కు మందు అని వాట్సాప్‌లో తిరుగుతున్న మాటను పట్టించుకోకండి.

ఇప్పుడు క్రీటు కంచంలో నిజంగా ఏమున్నదో మళ్ళీ చూద్దాం. కొండల్లో కోసుకొచ్చిన ఆకులు, అపరాలు, తవుడు తీయని గింజల రొట్టె, వారంలో కొన్నిసార్లు చేప, గుప్పెడు గింజపప్పులు, అరుదుగా మాంసం, వీటన్నిటికీ ఆలివ్ నూనె. ఆ ఆకుల్లో ఒకటి మన చేలగట్ల మీద పెరిగే గంగపాయలకూరే. ఆకుకూరలలో ఒమేగా-3 జాతి కొవ్వు చెప్పుకోదగ్గంత ఉన్నవి తక్కువ, అది వాటిలో ఒకటి. అక్కడ పచ్చిగానే పెరుగుతో తింటారు, ఇక్కడ పప్పులో వేస్తారు, ఈ మధ్య ఎవరూ వేయడం లేదు, కలుపు అని పీకి పారేస్తున్నారు. పొన్నగంటి, చెంచలి, తోటకూర, బచ్చలి, గోంగూర గురించి వేరే చెప్పనక్కరలేదు. వారు తినే సార్డిన్లు మనకు కవళ్ళు. భావనపాడు, బారువ, కళింగపట్నం తీరంలో కానాగంతలతోపాటు చవకగా దొరికే చేప అది. వంజరానికి పెట్టే డబ్బులో సగం పెట్టకుండానే గుండెకు మేలు చేసే నూనె అంతకంటె ఎక్కువగా ఇస్తుంది. వేపుడు మాత్రం చేయకండి, పులుసే మేలు. అపరాలకు వస్తే వరి కోతల తరువాత ఈ నేలలోనే మినుము, పెసర పండుతాయి. ఉలవలలో నూటికి 22 గ్రాముల మాంసకృత్తులున్నాయి, మీరు పంపిన క్వినోవాలో 14. జీడిపప్పు కోసం పలాస దాటి వెళ్ళనక్కరలేదు, నువ్వులు విజయనగరం మెట్ట చేలలోనే ఉన్నాయి.

మీరు పంపిన మూడు వస్తువుల గురించి కూడా చెబుతాను. ఓట్స్ మంచివే, వాటిలోని ఒక రకం పీచు రోజుకు మూడు గ్రాములు అందితే చెడ్డ కొలెస్టరాల్ కొంత తగ్గుతుందని రుజువైంది. అయితే అందుకు డెబ్బై గ్రాములకు పైగా ఓట్స్ తినాలి, మసాలా పొట్లాల్లో వచ్చేవైతే ఉప్పు కూడా దండిగా వస్తుంది. క్వినోవా పెరూ, బొలీవియా ఎత్తైన పీఠభూముల పేదల గింజ, అక్కడి చలికి, నేలకు తగినది. దానికి మన దగ్గర ఉన్న బదులు ఉలవలు, సామలు, కొర్రలు. ఆలివ్ నూనెను పచ్చిగా కూరల మీద పోసుకునే అలవాటు మనకు లేదు, దానితో పోపు పెట్టి, బజ్జీలు వేయించడం డబ్బు దండగ. వేరుశనగ నూనెలో కూడా ఆలివ్ నూనెలోని ప్రధాన కొవ్వు ఆమ్లం సగానికి దగ్గరగా ఉంటుంది. వేరుశనగ నూనె, నువ్వుల నూనె మార్చి మార్చి వాడి, హోటళ్ళ పామాయిల్ వేపుళ్ళు తగ్గిస్తే చాలు. పామాయిల్‌లో సగం దాకా సంతృప్త కొవ్వే ఉంటుంది.

చోళ్ళ విషయంలో ఒక హెచ్చరిక. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినప్పటి నుంచి చోడి అంబలిని ఔషధంగా తాగేవారు పెరిగారు. నూరు గ్రాముల చోళ్ళలో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంది, బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా ఉండదు, ఆ మేరకు అది గొప్ప గింజే. కానీ అందులోనూ మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. మెత్తని పిండిని పలచగా కాచి, బెల్లం వేసి పెద్ద గ్లాసుతో తాగితే షుగర్ వేగంగా పెరుగుతుంది. అన్నం బదులు తాగాలి, అన్నంతోపాటు కాదు. చిక్కగా, మజ్జిగ కలిపి, బెల్లం లేకుండా తాగాలి.

ఎవరిని అనుకరించాలని మీరు నన్ను అడిగితే క్రీటు వారి పేరో, ఒకినావా వారి పేరో చెప్పను. ఫిన్లాండ్‌లోని ఉత్తర కరేలియా వారి పేరు చెబుతాను. గుండెజబ్బులకు రాజధానిలా ఉన్న ఆ జిల్లాలో 1972లో పెక్కా పుస్కా అనే యువ వైద్యుని నాయకత్వంలో ఒక ప్రయత్నం మొదలయింది. వారు ప్రజలను గ్రీకుల్లా తినమనలేదు. తమ సూప్‌లో కొవ్వు మాంసం తగ్గించి కూరగాయలు పెంచారు, వెన్న బదులు తమ నేలలో పండే ఆవజాతి గింజల నూనె తెచ్చారు, పాలలో మీగడ తగ్గించారు, తమ అడవి పళ్ళను తినడం నేర్పారు, రొట్టెలో ఉప్పు తగ్గించారు. మార్తా అనే గృహిణుల సంఘాలు ఊరూరా పాత వంటకాలనే కొత్తగా వండి చూపించాయి. సుమారు నాలుగు దశాబ్దాలలో నడివయసు పురుషుల గుండెజబ్బు మరణాలు నూటికి ఎనభై వంతులకు పైగా తగ్గాయి. మన డ్వాక్రా సంఘాలు ఇలాంటి పనికి పూనుకుంటే ఎంత బాగుంటుందో అని నాకు తరచు అనిపిస్తుంది.

మీ నాన్నగారి కంచం సంగతి. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2024లో ఇచ్చిన మార్గదర్శకాలలో రెండు వేల కేలరీల రోజుకు ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు లేదా చేప, గుడ్డు వంటివి 85, కూరగాయలు, ఆకుకూరలు 400, పళ్ళు 100, పాలు లేదా పెరుగు 300, గింజపప్పులు 35, నూనె 27 గ్రాములుగా సూచించారు. ఇవి వండక ముందటి లెక్కలు. మీ ఇంట్లో ఒక వారం బియ్యం, నూనె కొలిచి మనిషికి ఎంత పడుతోందో చూడండి. సాధారణంగా ఈ ప్రాంతంలో తేడా కనిపించేది మూడు చోట్ల: బియ్యం ఎక్కువ, పప్పు తక్కువ, కూర బొత్తిగా తక్కువ. కనుక ఆయనకు కొత్త వంటకమేదీ పెట్టవద్దు. కూర, పప్పు ముందు వడ్డించి, అన్నం తరువాత, అదీ కొలత గిన్నెతో ఒక్కసారే వేయమని అమ్మగారికి చెప్పండి. మజ్జిగలోకి వేసే మారు అన్నం మానేస్తే చాలామందిలో అదే పెద్ద మార్పు. రాత్రి అన్నం బదులు వారంలో కొన్ని రోజులు కొర్రలో చోడి రొట్టెలో కూరతో తినవచ్చు. సాయంత్రం బజారు పునుగులు, మిరపకాయ బజ్జీలు ఉంటే వాటి సంగతీ తేల్చుకోవాలి. భోజనం తరువాత కాసేపు నడవడం ఏ దేశపు ఆహారంలోనూ రాయని భాగం, కానీ క్రీటు రైతు రోజంతా చేసినది ఆ పనే.

ఒక విషయం మాత్రం ఆలస్యం చేయకండి. మీ ఊరు ఉద్దానం పరిధిలోకి వస్తుంది. ఆ ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎంత విస్తరించిందో మీకు నాకంటె ఎక్కువ తెలుసు, దాని మూలకారణం మీద పరిశోధకులు ఇంకా ఒక నిర్ణయానికి రాలేదు. తొలి దశలో అది ఏ బాధా చూపదు. అందువల్ల నేను పైన చెప్పిన పప్పు, ఉలవలు, చేప పెంచే ముందు, ముఖ్యంగా కీటో వంటి మాంసకృత్తులు, కొవ్వు దండిగా ఉండే కొత్త డైట్లు మొదలుపెట్టే ముందు, ఆయనకు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు తప్పక చేయించండి. బీపీకి మంచిదని అమ్మే సోడియం తక్కువ ఉప్పులో పొటాషియం ఉంటుంది, మూత్రపిండాలు బలహీనపడిన వారికి అది ప్రమాదకరం, కనుక పరీక్ష అయ్యేదాకా అది కొనవద్దు. ఒళ్ళునొప్పులకు దుకాణంలో అడిగి వేసుకునే బిళ్ళలు కూడా ఆపించండి. ఫలితాలు బాగుంటే పప్పు, ఉలవలు నిశ్చింతగా పెంచవచ్చు, లేకపోతే ఎంత తినాలో మూత్రపిండాల వైద్యుడే నిర్ణయించాలి. అన్నం కొలవడానికి, ఆవకాయ తగ్గించడానికి మాత్రం ఆ ఫలితాల కోసం ఆగనక్కరలేదు.